ఇరవై మూడో రేకు కింద

1986 మార్చి 10, సోమవారం

రాయ్స్ వెళ్ళిపోయాడు. పడవ తీసుకెళ్ళాడు, రేడియో తీసుకెళ్ళాడు, సాక్సులు మర్చిపోయాడు. ముప్పై మూడేళ్ళ కాపురంలో తన సామాను తాను సర్దుకోవడం ఆయనకిదే మొదటిసారి మరి.

వెళ్ళింది ఎంతో దూరం కాదు. వంతెన దాటి, నదికి పడమటి ఒడ్డున, జెనీవా ఇంటికి. ముందుగదిలో కుర్చీ వేసి ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే జెనీవా. నాకూ రెండుసార్లు కత్తిరించింది. అప్పుడు అద్దంలోంచి నన్ను చూసి నవ్వింది. జుట్టు బాగా కుదిరిందని నవ్విందనుకున్నాను.

నాకేం బాధ లేదు. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందంటే అది రేడియో లేక.

మార్చి 11

రేడియో లేకే.

మార్చి 16, ఆదివారం

చర్చిలో బ్రదర్ ఆల్టన్ దారి తప్పిన గొర్రె కోసం ప్రార్థన చేయించారు. పేరు చెప్పలేదు కానీ అందరూ ఒకసారి నా వైపు చూసి మరీ కళ్ళు మూసుకున్నారు. గొర్రె దారేం తప్పలేదు బ్రదర్, వంతెన దాటాక ఎడమవైపు మూడో ఇల్లు, గులాబీరంగు తలుపు అని లేచి చెబుదామనుకున్నాను. తలుపు రంగు నీకెలా తెలుసని అడుగుతారని ఊరుకున్నాను.

మార్చి 19, బుధవారం

పని దొరికింది. నిరుటి రెండు తుఫానులకు అఖాతంలో ఆల్చిప్పల తిన్నెలన్నీ పూడిపోయి, మా చిప్పలు ఒలిచే షెడ్డు మూతబడ్డప్పటి నుంచి ఈ చేతులు ఊరికే పడి ఉన్నాయి. దాణా కొట్టు గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. “పాములంటే భయం లేనివారు కావలెను.” ఎవడో తాగి రాశాడనుకున్నాను. కాదు. యూనివర్సిటీ నుంచి వచ్చిన పిల్ల. ఇంగ్రిడ్. ముప్పై నిండి ఉండవు. ఉత్తరాదిది, పాలలా తెల్లగా, తాడిచెట్టంత పొడుగ్గా ఉంది. మాంసం తినదట. మా వైపు ఎలా బతుకుతుందో!

“పాములంటే భయం లేదా మేడమ్?” అంది.

“కరిచేవా, కరవనివా?”

“కరిచేవే. విషం మాత్రం ఉండదు.”

“అలాంటివాడితో ముప్పై మూడేళ్ళు కాపురం చేశాను తల్లీ.”

సంచిలోంచి ఒక పాముని తీసి నా చేతిలో పెట్టింది. అది ఆలోచించకుండా నా జాకెట్టు మీద విరేచనం చేసింది. ఆ కంపుకి ఇంగ్రిడ్డే ఒక అడుగు వెనక్కి వేసింది. నేను వేయలేదు. ఆల్చిప్పల షెడ్డులో ఆగస్టు నెల గడిపినదానికి వాసనల గురించి ఎవరు చెబుతారు? అక్కడికక్కడే పనిలో పెట్టుకుంది.

మార్చి 21, శుక్రవారం

అవి రాజపాములు. తోక గలగలలాడించే విషపు గిలకపాముల్ని కూడా మింగుతాయి కాబట్టి ఆ పేరు. మా నాన్న మొక్కజొన్న గాదెలో ఒకదాన్ని ఉంచుకునేవాడు, ఎలుకల కోసం. ఈ రెండు నదుల మధ్య పుట్టినదాన్ని, వీటిని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. మా వైపువి పాలిపోయిన పసుపు రంగులో, వెడల్పాటి పట్టీలతో ఉంటాయి. కొన్నిటికి పట్టీలే ఉండవు. ఎవరో పాముని చేసి, రంగు వేయడం మరిచిపోయినట్టుంటాయి. అన్నిచోట్లా ఇలాగే ఉంటాయనుకునేదాన్ని.

కాదట. ఇంగ్రిడ్ ట్రక్కు ముందుభాగం మీద మ్యాప్ పరిచి చెప్పింది. నది దాటితే చాలు, నిగనిగలాడే నలుపు మీద సన్నటి తెల్లగొలుసు వేసినట్టుంటాయి. పొడుగు కూడా ఎక్కువ, ఒక్కోటి ఆరడుగులు దాటుతుంది. మిసిసిపీ వైపు ఒళ్ళంతా ఉప్పు చల్లినట్టు చుక్కలు. ఉత్తరాన కొండల్లో ఇంచుమించు ఉత్త నలుపు. కాలిఫోర్నియాలో కొన్నిటికి తల నుంచి తోక దాకా నిలువు చార.

“అన్నీ దగ్గరి చుట్టాలే వర్నెల్ గారూ. చోటుకో వేషం.”

“బాప్టిస్టులూ అంతే,” అన్నాను.

పిల్లకి నవ్వడం వచ్చు. మంచిదే.

తన పట్టుదల ఏమిటంటే, మా వైపు పాలిపోయిన పాము తనదైన వేరే రకం అని. ఒక పెద్ద ప్రొఫెసరు ఉన్నాడట, రకమూ లేదు పాడూ లేదు, అటువీ ఇటువీ కలిసి పుట్టిన సంకరం అంటాడట. అందుకని అడవిలో అరవై తగరపు రేకులు నేల మీద పరిచి నంబర్లు వేసింది. పొద్దున్నే వెళ్ళి ఒక్కొక్క రేకూ ఎత్తడం నా పని. పాము ఉంటే పట్టుకోవడం, పొడుగు కొలవడం, పట్టీలు లెక్కపెట్టడం, గుర్తుకి పొట్ట కింద పొలుసు చివర కత్తిరించడం, మళ్ళీ ఆ రేకు కిందే వదలడం, పుస్తకంలో రాయడం.

“మన అడవి నడిమధ్యలో అటువైపు గొలుసుపాము దొరకనంతవరకే నా మాట నిలబడుతుంది,” అంది. “కొలతలో అంగుళం తప్పినా పరవాలేదు గానీ, చోటు తప్పకూడదు. ఏ చోట దొరికిందో తెలియకపోతే పాము ఒట్టి బెల్టుతో సమానం.”

మార్చి 23, ఆదివారం

బ్రదర్ ఆల్టన్ చర్చి మెట్ల మీద పట్టుకున్నారు. “పాములతో పనేంటమ్మా వర్నెల్? ఏదెను తోటలో హవ్వకేమైందో మరిచిపోయావా?”

“హవ్వకి పండు ఇచ్చి ఊరుకుంది బ్రదర్. నాకు జీతం ఇప్పిస్తోంది.”

ఆయన భార్య దగ్గు వచ్చినట్టు నటించింది.

మార్చి 31, సోమవారం

పదకొండు పాములు. ఇంగ్రిడ్ నా పుస్తకం చూసి, “మీకు కన్నుంది వర్నెల్ గారూ. నా విద్యార్థులు ఇలా లెక్కపెట్టలేరు,” అంది. ఇంటికొచ్చి ఆ మాట గట్టిగా అనుకుని చూశాను. నాకు కన్నుంది.

ఏప్రిల్ 2, బుధవారం

పోలిక కోసం పడమటి వైపు పాముల్ని కూడా ఒకసారి చూడాలి కదా. వంతెన దాటాను. రోడ్డు పక్కన బండి ఆపి విసనకర్రల్లాంటి ఆకుల పాల్మెటో పొదల్లోంచి కాస్త నడిచాను. నడుస్తూ ఉంటే అనుకోకుండా జెనీవా పెరడు వచ్చింది.

పాములేమీ కనబడలేదు.

ఏప్రిల్ 4

ఇక వెళ్ళను.

ఏప్రిల్ 5, శనివారం

ఒక పొద్దుటి పూట చూసి అటువైపు పాములు లేవనడం శాస్త్రం కాదు.

ఏప్రిల్ 9, బుధవారం

నాలుగోసారి. రాయ్స్ బట్టలు ఆరేస్తున్నాడు! మళ్ళీ రాస్తున్నాను, బట్టలు ఆరేస్తున్నాడు. నోట్లో క్లిప్పులు. తీగ మీద జెనీవా లోపావడాలు, ఎంత శ్రద్ధగా అంచులు లాగి లాగి పెడుతున్నాడో. నేను జ్వరంతో పడుకున్న ఏడాది తన చొక్కా తలుపు మీద పడేసి, “అది తడిగా ఉంది వర్నీ” అని చెప్పి చేపలకు పోయిన మనిషి.

బక్కచిక్కాడు. మెడ దగ్గర చర్మం వేలాడుతోంది. నేనెందుకు రాస్తున్నాను ఇదంతా.

ఏప్రిల్ 10

వెళ్ళను.

ఏప్రిల్ 12

ఇదే ఆఖరుసారి.

ఏప్రిల్ 15, మంగళవారం

వేలు వాచి కలం సరిగ్గా పట్టుకోలేకపోతున్నాను. అయినా రాయాలి.

పొద్దున ఏడింటికి జెనీవా పెరట్లో, సామాన్ల కొట్టం వెనక పొదలో పొట్ట మీద పడుకుని ఉన్నాను. వయసు యాభై ఆరు. రాయ్స్ జెనీవా గులాబీరంగు గౌను వేసుకుని గంపతో బయటికొచ్చాడు. ఆ గౌను చూసి నేను నవ్వకుండా నేల పట్టుకున్నాను. పట్టుకున్నది నేల కాదు. కదిలింది.

గొలుసుపాము. నల్లగా, తడి రాయిలా మెరుస్తోంది. నా మణికట్టంత లావు. కదలకుండా ఉంటే పోయేదేమో, కానీ చేయి తన పని తాను చేసింది, తల వెనక పట్టేసింది. పాము కూడా తన పని తాను చేసింది, నా బొటనవేలు నోట పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది. ఇరవై అడుగుల దూరంలో నా మొగుడు ఇంకొకత్తె లోపావడా దులుపుతున్నాడు. నేను అరవకూడదు. దేవుణ్ణి ఎలా పిలవాలో తెలియక పళ్ళు బిగించి ప్రార్థనంతా తలకిందులుగా చదివాను. అది నా మీద విడవగలిగిందంతా విడిచింది. రాయ్స్ ముక్కు ఎగబీల్చి, “జెనీవా, ఏదో చచ్చినట్టుంది ఇక్కడ!” అని అరిచాడు.

ఆయన లోపలికెళ్ళాక పాముని దిండుగలీబులో వేసుకుని, మోకాళ్ళ మీద పాక్కుంటూ బండి దాకా వచ్చాను. అక్కడే వదిలేసి ఉండాల్సింది. ఎందుకు వదల్లేదంటే, అది బాగుంది. అంత పెద్దదాన్ని నేనెప్పుడూ పట్టలేదు. ఇంగ్రిడ్‌కి చూపించాలనిపించింది. అంతే.

మన అడవి గేటు దగ్గర ఇంగ్రిడ్ ట్రక్కు ఆపుకుని నా కోసం చూస్తోంది. గలీబు చూసింది. పాముని తీసి టేపు పక్కన చాచింది. అయిదడుగుల ఏడంగుళాలు. పట్టీలు ముప్పై నాలుగు.

“ఎక్కడ దొరికింది?”

నా మోకాళ్ళ నిండా మట్టి. వేలి నుంచి రక్తం. ఆ పిల్ల మొహంలో నా మీద అనుమానం రవ్వంత కూడా లేదు.

“ఇరవై మూడో రేకు కింద,” అన్నాను.

ఏప్రిల్ 16, బుధవారం

ఇరవై మూడో రేకు అడవికి సరిగ్గా నడిమధ్యలో ఉంది. నాకు నోటికొచ్చిన అంకె అది.

ఇంగ్రిడ్ నిన్న పామునే చాలాసేపు చూసింది. పొలుసు కత్తిరించి గుర్తు పెట్టింది, ఇరవై ఏడో నంబరు. ఇద్దరం వెళ్ళి ఇరవై మూడో రేకు కింద వదిలాం. అది తన ఊరు కాదని దానికి తెలిసినట్టే ఉంది, కాసేపు కదల్లేదు.

ఇవాళ పొద్దున ఇంగ్రిడ్ కళ్ళు వాచి ఉన్నాయి. “ప్రొఫెసరు గారు చెప్పిందే నిజమేమో వర్నెల్ గారూ,” అంది.

ఒక్క పాము. లక్ష పాముల దేశంలో ఒక్క పాము వల్ల ఏమవుతుంది?

ఏప్రిల్ 17

ఏమీ కాదు.

ఏప్రిల్ 25, శుక్రవారం

ఇంగ్రిడ్ ఆ రేకు చుట్టూ ఇంకో నలభై రేకులు పరిచింది. పొద్దుట నుంచి సాయంత్రం దాకా అక్కడే. పిడుదులు కుట్టి కాళ్ళనిండా దద్దుర్లు. ఇంకో గొలుసుపాము ఉంటుందని వెతుకుతోంది. నేను కూడా వెతుకుతున్నాను, తనకన్నా ఎక్కువగా, కాకపోతే పాత దాని కోసం. దొరికితే చప్పుడు కాకుండా వంతెన దాటించేద్దామని.

మధ్యాహ్నం ఉడికించిన వేరుశనక్కాయలు తింటూ, ఏమీ తెలియనట్టు అన్నాను. “ఎవడో తెచ్చి పడేసి ఉంటాడు తల్లీ. ఈ ఊళ్ళో పనిలేనివాళ్ళకి కొదవా?”

“తమకి నచ్చని పాము కనబడితే అందరూ ఆ మాటే అంటారండీ. ఎవరో పడేశారు, కొలత తప్పింది, కళ్ళు మోసం చేశాయి అని. అలా అంటే ఇక శాస్త్రమెందుకు? నా బుర్రకి నచ్చకపోయినా దొరికింది దొరికినట్టు రాయాల్సిందే.” తొక్క ఒలిచి, “అందులోనూ పట్టింది మీరు. మీ చేతి మీద నాకు నమ్మకం,” అంది.

వేరుశనగ గొంతుకి అడ్డం పడింది. నిజంగానే పడింది. ఆ పిల్ల లేచి నా వీపు తట్టింది.

మే 1, గురువారం

పడమటి వైపు వెళ్ళడం మానేశాను. ఈసారి నిజంగా. రాయ్స్ గౌనులో తిరిగినా, గౌను లేకుండా తిరిగినా నాకనవసరం.

మే 6, మంగళవారం

ఇంగ్రిడ్ ప్రొఫెసరుకి ఉత్తరం రాసేసింది. తన మాట తప్పయి ఉండవచ్చనీ, జూన్‌లో జరిగే సభలో అందరి ముందూ ఒప్పుకుంటాననీ. పోస్టులో వేయమని నా చేతికే ఇచ్చింది.

పోస్టాఫీసు ముందు బండిలో గంటన్నర కూర్చున్నాను. వేశాను. వేయకపోతే అది ఇంకో అబద్ధం అవుతుందని. అబద్ధాల విషయంలో నాకూ ఒక పద్ధతి ఉంది.

మే 7

నాకు ఏ పద్ధతీ లేదు.

మే 17, శనివారం

ఇరవై ఏడో నంబరు దొరికింది.

ముప్పై ఒకటో రేకు ఎత్తాను. అక్కడుంది. ఒంటరిగా లేదు. దాని నోట్లోంచి ఇంకో పాము సగం బయటికి వేలాడుతోంది. పాలిపోయిన పసుపు, వెడల్పాటి పట్టీలు, పొట్ట కింద నేను కత్తిరించిన పొలుసు. పోయిన శుక్రవారం కొలిచిన మగపాము. పొట్టిదే కానీ అందంగా ఉందని పుస్తకం అంచున రాసుకున్నాను కూడా.

రాజపాములు ఒకదాన్నొకటి తింటాయని తెలుసు. కానీ దీన్ని ఇక్కడికి తెచ్చింది నేను. పెద్దది చిన్నదాన్ని తింటోంది. పెద్దదాని తప్పు లేదు, అది ఆకలి మీద ఉంది, ఎవరి ఊరో తెలియదు. లాగి విడదీద్దామా అనుకున్నాను. అప్పటికే ఆలస్యమైంది.

రేకు పక్కన కూర్చుని చూశాను. రెండు గంటలు పట్టింది. తోక కొస ఆఖర్న కాస్త ఊగి లోపలికి పోయింది. ఆ రెండు గంటల్లో రాయ్స్ ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. గుర్తు రాలేదన్న సంగతి ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

పాముని గలీబులో వేసుకుని ఇంగ్రిడ్ దగ్గరికి వెళ్ళాను. నిలబడి చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని. “ఇది ఇరవై మూడో రేకు కింద దొరకలేదు. పడమటి ఒడ్డున జెనీవా పెరట్లో దొరికింది. నేను అక్కడున్నానని నీకు తెలియకూడదని అబద్ధం చెప్పాను.”

ఇంగ్రిడ్ ట్రక్కు వెనక్కి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. వచ్చాక మొహం ఎర్రగా ఉంది, చేతిలో పుస్తకం ఉంది.

“ఏ రోజు?”

“ఏప్రిల్ పదిహేను.”

“ఎన్నింటికి?”

“ఏడు దాటింది.”

“ఎండా, మబ్బా?”

“ఎండే. తల్లీ, నన్ను తిట్టు.”

“తిడతాను. ముందు రాసుకోనివ్వండి.” పెన్సిలు మొన విరిగింది. ఇంకో పెన్సిలు తీసింది. “ఆ చోటు నాకు చూపించాలి. కచ్చితంగా ఎక్కడో. సోమవారం.”

“పొదల్లోంచి తీసుకెళతాను, ఎవరూ చూడకుండా...”

“వాకిట్లోంచి వెళదాం,” అంది ఇంగ్రిడ్. “అడిగి వెళదాం.”

మే 18

చర్చికి వెళ్ళలేదు. దేవుడికి తెలుసు, బ్రదర్ ఆల్టన్‌కి తెలియాల్సిన పని లేదు.

మే 19, సోమవారం

సోమవారం జెనీవాకి కొట్టు సెలవు. గులాబీరంగు తలుపు తనే తీసింది. సిగరెట్టు, ఎత్తుగా దువ్విన జుట్టు, కాళ్ళకి రాయ్స్ చెప్పులు.

“రా వర్నెల్. ఇవాళ వాకిట్లోంచి వచ్చావు, ఏంటి విశేషం?”

నేను గుమ్మం ముందు చెప్పులు తుడుచుకోసాగాను. “పెరట్లోంచి తొమ్మిదిసార్లు వచ్చావు,” అంది తను పొగ వదిలి. “నీ బండి సైలెన్సరు ఊడి ఎన్నేళ్ళయింది? వంతెన ఎక్కినప్పటి నుంచీ వినబడుతుంది. అది వినబడగానే ఈ మహానుభావుడి చేతికి గంప ఇచ్చి బట్టలు ఆరేయించేదాన్ని.”

“ఏంటీ?” లోపలి నుంచి రాయ్స్ గొంతు. “అందుకా? ఈ మూడు వారాలుగా నాకు బట్టలు చెప్పకపోతే నీకు ఒంట్లో బాలేదనుకున్నాను!”

“ఎవరికో చూపించకపోతే, నీతో బట్టలు ఆరేయించడం దేనికి? నీకన్నా యంత్రం నయం.”

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు. పొట్ట పట్టుకుని గుమ్మం మీద కూర్చుండిపోయాను. జెనీవా కూడా నవ్వింది. అద్దంలోంచి కాకుండా ఎదురుగా చూస్తే ఆమెకి పక్కపన్ను ఒకటి లేదు.

ఇంగ్రిడ్ ఓపిగ్గా ఆగి, “అమ్మా, మీ పెరట్లో ఒక పాముని వదలాలి,” అంది.

ఆ మాటకి రాయ్స్ వరండా దాటి, వాకిట్లో ఉన్న కారు ముందుభాగం మీదికెక్కి నిలబడ్డాడు. అరవై ఏళ్ళ మనిషిలో ఆ చురుకు ఉందని నేనెరగను.

“మా పామా?” జెనీవా గలీబులోకి తొంగి చూసింది. “మా పామే! కొట్టం కింద నాలుగేళ్ళుగా ఉండేది. నెల రోజులుగా ఎలుకలు నా విగ్గులు కొరుకుతున్నాయి. అదెటు పోయిందో అనుకుంటున్నా. ఏమమ్మా, నేను నీ మొగుణ్ణి తెచ్చుకున్నానని నువ్వు నా పాముని ఎత్తుకెళ్ళావా? చెల్లుకు చెల్లా?”

“పాము నీదే. ఉంచుకో,” అన్నాను. “రెండూ ఉంచుకో.”

పెరట్లోకి వెళ్ళాం. ఇంగ్రిడ్ చేతిలో టేపు, పుస్తకం. “సరిగ్గా ఏ చోట?”

ఇక్కడ అని వేలు చూపించాను. అది సరిపోదంది. పొద అంతా ఒకేలా ఉంది. నాకూ నిలబడి చూస్తే తెలియడం లేదు. అందుకని పడుకున్నాను. ముగ్గురు చూస్తుండగా, పట్టపగలు, పాల్మెటో పొదలోకి పొట్ట మీద దూరి, గడ్డం నేలకి ఆనించి, అక్కడి నుంచి బట్టల తీగ ఏ వంక కనబడేదో చూసుకుని, కుడిచేయి చాచాను. “ఇదిగో. ఈ చేతి కింద.”

ఇంగ్రిడ్ అక్కడ మేకు దిగ్గొట్టింది. తీగ దాకా టేపు లాగింది. ఇరవై రెండడుగులు. మోకాలి మీద పుస్తకం పెట్టుకుని గడులు నింపుతోంది. ఒక గడి దగ్గర ఆగి నా వైపు చూసింది. “పట్టుకున్న సందర్భం? పాముల కోసం వెతుకుతున్నారా, అనుకోకుండానా?”

నేనింకా నేల మీదే ఉన్నాను.

“రాసుకో తల్లీ. మొగుణ్ణి చూడ్డానికి వచ్చి.”

“నన్నా?” కారు మీద నుంచి రాయ్స్. గొంతులో ఆ మురిపెం చూడాలి.

“నిన్నే. ఇంకెవర్ని, పామునా?” అంది జెనీవా. “పామునైతే చూసినా అర్థముంది.”

ఇంగ్రిడ్ ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసింది. గలీబు విప్పింది. ఇరవై ఏడో నంబరు తల ఎత్తి, నాలుక ఆడించి, తొందరేమీ లేకుండా కొట్టం కిందికి పోయింది. దాని తోక కనబడినంతసేపూ చూశాం.

బయల్దేరుతుంటే రాయ్స్ కారు మీద నుంచే పిలిచాడు. “వర్నీ, నా సాక్సులు అక్కడే ఉండిపోయాయి...”

“ఉన్నాయి. చిన్న పాములకి సంచుల్లా సరిగ్గా సరిపోతున్నాయి.”

జెనీవా ట్రక్కు దాకా వచ్చింది. “జుట్టు గడ్డిమేటులా పెంచావు. ఎప్పుడైనా రా. ముందువైపు నుంచి.” వెళతానని చెప్పలేదు. వెళ్ళనని కూడా చెప్పలేదు.

మే 20, మంగళవారం

ఇంగ్రిడ్ ఇవాళ తిట్టింది. మాటిచ్చినట్టే. గట్టిగా అరవలేదు, అందుకే ఎక్కువ నొప్పి పెట్టింది.

“ఇరవై ఏడు ఒక్కటే కాదు వర్నెల్ గారూ. మీరొక్కరే రాసినవన్నీ కొట్టేయాలి. ముప్పై ఎనిమిదీ.”

“మిగతావన్నీ నిజమే! ఒట్టు. ఒక్క పట్టీ కూడా తప్పు రాయలేదు.”

“నాకు తెలుసు.”

“తెలిసీ కొట్టేస్తావా?”

“నాకు తెలిస్తే చాలదండీ. చదివేవాడికి తెలియాలి. ఒకటి అబద్ధమని తెలిశాక, మిగతా ముప్పై ఏడూ నిజమని వాడెందుకు నమ్మాలి?”

నా కళ్ళ ముందే స్కేలు పెట్టి ఒక్కొక్క పేజీకీ అడ్డగీత కొట్టింది. ఆ పాములన్నీ నాకు గుర్తే. తోక తెగినది. ఎప్పుడూ ఎనిమిదో రేకు కిందే పడుకునే ముసలిది. పట్టీలే లేకుండా మీగడలా ఉన్నది. ఇరవై ఏడో నంబరు మింగేసిన పొట్టిది. ఆ పొట్టిది తప్ప అన్నీ ఉన్నాయి, ఈ అడవిలో తిరుగుతూనే ఉన్నాయి. పుస్తకంలోనే లేవు ఇక.

“పనిలోంచి తీసేస్తావు కదా,” అన్నాను.

“తీసేస్తే ముప్పై ఎనిమిది ఎవరు పడతారు మళ్ళీ?” అంది. నా వైపు చూడలేదు. “ఇక ఒంటరిగా కాదు. ఇద్దరం. ఇద్దరం కొలిచి, ఇద్దరం సంతకం పెట్టాలి.”

మే 28

ప్రొఫెసరుకి రెండో ఉత్తరం రాసింది. ఈసారి కవరు నా చేతికివ్వలేదు. తనే వెళ్ళి వేసొచ్చింది.

జూన్ 7, శనివారం

సభ నుంచి తిరిగొచ్చింది. జరిగిందంతా నిలబడి చెప్పిందట, బట్టల తీగతో సహా. హాలంతా పడీపడీ నవ్వారట. ప్రొఫెసరు మాత్రం నవ్వలేదట. లేచి, “ఆధారాలు లేనప్పుడు నా మాటా నిలబడదు, ఆ అమ్మాయి మాటా నిలబడదు. మళ్ళీ మొదలుపెట్టమనండి,” అన్నాడట.

“అంటే గెలిచామా, ఓడామా?” అన్నాను.

“ఏదీ కాదు,” అంది. ట్రక్కు దిగి ఒళ్ళు విరుచుకుని, ఆ అబద్ధం బయటపడ్డాక మొదటిసారి నా ఇంట్లోకి వచ్చి కూర్చుంది. మొక్కజొన్న రొట్టె, బెండకాయ పులుసు పెట్టాను. మాంసం వేయకుండా వండడం ఎంత కష్టమో చెప్పలేను. మూడుసార్లు వడ్డించుకుంది.

జూన్ 9, సోమవారం

ఒకటి.

ఆడది. మూడడుగుల రెండంగుళాలు. పాలిపోయిన పసుపు. ఏడో రేకు కింద, పొద్దున ఆరూ నలభైకి, సన్నటి వాన. పట్టీలు నేను తల నుంచి తోక దాకా లెక్కపెట్టాను. ఇంగ్రిడ్ నా చేతిలోంచి తీసుకుని తోక నుంచి తల దాకా లెక్కపెట్టింది. నా మొహం చూడకుండా, “ఎన్ని?” అంది. నేను ముందు చెప్పనన్నాను, నువ్వు చెప్పు అన్నాను. ఆఖరికి ఇద్దరం ఒకేసారి చెప్పాం.

పదిహేడు.